ఆషాఢ వానలో పావన్‌ఖిండ్ దారి

ఆషాఢం వచ్చిందంటే కొల్హాపూర్ ట్రెక్కింగ్ సంఘాల వాళ్లకు ఊపిరి సలపదు. పుణే, ముంబై, సాంగ్లీ, సతారాల నుంచి బస్సుల్లో వచ్చిన జనం పన్హాళా కోట దగ్గర దిగుతారు. భుజాన సంచీ, ఒంటి మీద రెయిన్‌కోటు, చేతిలో ఊతకర్ర. శివాజీ సేనాని బాజీప్రభు దేశపాండే విగ్రహానికి దండ వేస్తారు. ఎవరో ఒకరు పవాడా అనే వీరగాథ అందుకుంటారు. తర్వాత వరుస కట్టి కోట దిగి పడమటి దారి పడతారు. రెండు రోజుల నడక. 50 కిలోమీటర్లకు పైగా సహ్యాద్రి గుట్టలు, వాగులు, వరిమళ్లు దాటుకుంటూ వెళ్లి పావన్‌ఖిండ్ అనే ఇరుకు కనుమ దగ్గర ఆగుతారు. కాలేజీ పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, పదవీ విరమణ చేసిన మాస్టార్లు, బడికి వెళ్లే పిల్లలు కూడా ఆ వరుసలో కనిపిస్తారు. దారి తెలిసినవాడు ఒకడు అందరికన్నా ముందు, మరొకడు అందరికన్నా వెనక, నడుమ చరిత్ర చెప్పే మనిషి. మూడున్నర శతాబ్దాల కిందట ఇదే మాసంలో, ఇలాంటి వానలోనే, ఈ దారిన కొన్ని వందలమంది ప్రాణాలు అరచేత పట్టుకుని పోయారు. వాళ్లు పోయిన దారిన ఒక్కసారి తామూ పోయి చూడాలన్నదే ఇంతమంది కోరిక.

మన చరిత్ర పుస్తకాలు ఆ కాలాన్ని మధ్యయుగం చివరి పాదంగా లెక్కవేస్తాయి. 1659 నవంబరులో ప్రతాప్‌గడ్ దగ్గర అఫ్జల్ ఖాన్‌ను చంపిన శివాజీ ఆ నెల తిరగకుండానే పన్హాళాను పట్టుకున్నాడు. బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్‌షాకు అది గుండెల మీద కుంపటి అయింది. 1660 మార్చిలో సిద్ది జౌహర్ అనే సర్దారు పెద్ద సైన్యంతో వచ్చి కోటను చుట్టుముట్టాడు. శివాజీ లోపల చిక్కుకున్నాడు. నాలుగు నెలలు గడిచాయి. వానలు పడితే ముట్టడి సడలుతుందని కోటలో వాళ్లు ఆశపడ్డారు, జౌహర్ సడలనివ్వలేదు. బయటి నుంచి దాన్ని ఛేదించబోయిన శివాజీ సేనాపతి నేతాజీ పాల్కర్ ప్రయత్నం ఫలించలేదు. రాజాపూర్‌లో కోఠీ పెట్టుకున్న ఇంగ్లీషు వర్తకులు తమ పెద్ద హెన్రీ రెవింగ్టన్‌తో సహా వచ్చి, జౌహర్ తరఫున కోట మీద మందుగుండు పేల్చారు. మరుసటి ఏడు శివాజీ రాజాపూర్‌ను కొట్టి వాళ్లను చెరలో వేయడానికి కారణం అదే.

ఇక లొంగిపోతానని శివాజీ కబురు పంపాడు. కాపలా కొంచెం ఆదమరిచింది. జూలై 12 రాత్రి, ఆషాఢ పౌర్ణమి వేళ, జోరువానలో ఆయన పల్లకీ ఎక్కి సుమారు 600 మందితో కోట దాటాడు. మరో పల్లకీలో శివాజీ వేషం వేసుకుని శివా కాశీద్ వేరే దిక్కుగా బయలుదేరాడు. పన్హాళా దిగువనున్న నేబాపూర్ వాడు, కులవృత్తి క్షౌరం. జౌహర్ మనుషులు అతన్ని పట్టుకుని, తాము మోసపోయామని తెలిశాక చంపేశారు. అప్పుడు జౌహర్ అల్లుడు సిద్ది మసూద్ అశ్వదళంతో అసలు పల్లకీ వెంట పడ్డాడు. మరునాడు ఘోడ్‌ఖిండ్ అనే కనుమ దగ్గరికి వచ్చేసరికి తరిమేవాళ్లు దగ్గర పడ్డారు. బాజీప్రభు సగం మందితో అక్కడ నిలబడి, శివాజీని ముందుకు పంపాడు. తమ గమ్యమైన విశాల్‌గడ్ కోట చేరాక తోపు పేలుస్తామని మాట. ఆ మోత వినబడేదాకా బాజీప్రభు, ఆయన అన్న ఫూలాజీ, బందల్ వంశపు పదాతులు కనుమను వదలలేదు. వాళ్లలో చాలామంది అక్కడే పడిపోయారు. ఆ నెత్తుటితో ఘోడ్‌ఖిండ్ పావన్‌ఖిండ్ అయింది.

పుస్తకంలో ఈ ప్రయాణం రెండు వాక్యాల్లో ముగుస్తుంది. 'వానలో, చీకట్లో కోట దాటి విశాల్‌గడ్ చేరాడు' అని చదివి పేజీ తిప్పేస్తాం. కాళ్లకు మాత్రం అలా తిప్పేసే వీలు లేదు. కోట దిగిన కొద్దిసేపటికే మసాయి పఠార్ మీదికి ఎక్కాలి. చెట్టూ చేమా లేని విశాలమైన రాతి మైదానం అది. వానాకాలంలో దాని మీద మబ్బు కిందికి దిగి కూర్చుంటుంది. పది అడుగుల ముందున్న మనిషి కనబడడు. వరుసలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటూ నడవాల్సిందే. అది దాటాక దిగుడు, ఆపైన అడవి, మోకాటి లోతు వాగులు, బురద మళ్ల గట్లు, కాలికి అంటుకునే జలగలు. పగటి వెలుగులో, రబ్బరు బూట్లతో, దారి చూపేవాళ్లు ఉండగా, మధ్యాహ్నం వేడి భోజనం చేసి, రాత్రి పొడిబట్టలు కట్టుకుని పడుకుని, మర్నాడు లేచి నడిచేవాళ్లకే ఇది కష్టంగా ఉంటుంది. అప్పటివాళ్లు ఒక రాత్రీ ఒక పగలూ ఆగకుండా పోయారు. దివిటీ వెలిగించే వీలు లేదు, వెలిగిస్తే శత్రువుకు జాడ తెలిసిపోతుంది. పైగా భుజాల మీద పల్లకీ.

ఆ పల్లకీ మోసిన బోయీల గురించి ఎవరూ పాట కట్టలేదు. కోట దిగుడులో పల్లకీ ఒరగకుండా ముందువాళ్లు ఎత్తి పట్టాలి, వెనకవాళ్లు వంగాలి. బురదలో ఒక్కడు జారితే నలుగురూ పడతారు. ఎన్నిసార్లు భుజం మార్చుకున్నారో, ఎక్కడ దాహం తీర్చుకున్నారో, వాళ్లలో ఎంతమంది విశాల్‌గడ్ చూశారో చరిత్రలో ఎక్కడా లేదు. ఈ నడక వల్ల కలిగే మేలు ఇక్కడే మొదలవుతుందని మా అభిప్రాయం. వీరగాథ వింటున్నప్పుడు మన కళ్లు నాయకుడి మీదే ఉంటాయి. అదే గాథ జరిగిన దారిలో నడుస్తుంటే, మన కాలి నొప్పి మనల్ని నాయకుడి పక్కన కాకుండా మోసేవాడి పక్కన నిలబెడుతుంది. మనకు అంత దగ్గరగా తోచేవాడు అతడే మరి. శివా కాశీద్ సమాధి పన్హాళాలోనే ఉంది. నడక మొదలుపెట్టే ముందు అక్కడ ఆగే బృందాలను చూస్తే సంతోషం కలుగుతుంది. క్షౌరవృత్తి చేసుకునే మనిషి, తాను చావబోతున్నానని పూర్తిగా తెలిసి, రాజులా కూర్చుని పల్లకీలో పోయాడు. కనుమలో జరిగిన పోరు కన్నా ఈ మనిషి ధైర్యం ఏమాత్రం తక్కువ?

మంచి మార్గదర్శి చేతిలో పడితే ఈ నడకలో మరో మేలు ఉంది. ఏది ఆనాటి రాతల్లో ఉందో, ఏది తర్వాతి కాలపు మరాఠీ చరిత్ర కథనాలైన బఖర్లు చెప్పిందో, ఏది పవాడా పాడేవాళ్లు కథ రక్తి కట్టడానికి పెంచిందో అతడు విడమరిచి చెబుతాడు. పరమానంద కవి సంస్కృతంలో రాసిన 'శివభారతం' శివాజీ కాలపుదే. పన్హాళా నుంచి తప్పించుకోవడం అందులో ఉంది. పోరులో బందల్ పదాతులు చూపిన తెగువకు వాళ్ల వంశానికి దర్బారులో అగ్ర గౌరవం దక్కిందని మరాఠా కుటుంబ పత్రాల మాట. తోపు మోత వినేదాకా బాజీప్రభు ప్రాణం నిలుపుకున్నాడనే ఘట్టం మాత్రం జనం నోట పెరిగి పెద్దదైంది. అలా చెప్పినంత మాత్రాన కథ విలువ తగ్గిపోదు. జనం ఒక ఘట్టాన్ని ఎందుకు పెంచి చెప్పుకున్నారన్నది కూడా చరిత్రలో భాగమే. పదిహేనేళ్ల కుర్రాడికి వాగు ఒడ్డున కూర్చోబెట్టి ఈ తేడా చెబితే, తరగతి గదిలో ఏడాది పాటు చెప్పినదాని కన్నా బాగా పట్టుబడుతుంది. అందుకే ఈ నడకలకు దారి తెలిసినవాళ్లు ఎంత అవసరమో చదువుకున్నవాళ్లూ అంతే అవసరం. ఉద్రేకంగా కేకలు వేయించేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు, ఓపికగా విడమరిచేవాళ్లు తక్కువ.

తెలుగువాళ్లం ఈ కథను మరాఠా చరిత్రగా, ఎక్కడో జరిగినదిగా విని ఊరుకుంటాం. ముట్టడి వేసిన సిద్ది జౌహర్ ఎక్కడివాడో అడగం. అతడు కర్నూలు నుంచి వచ్చాడు. అబిసీనియా మూలాలున్న హబ్షీ సర్దారు. కర్నూలును గుప్పిట్లో పెట్టుకుని బీజాపూర్ మాట వినకుండా ఉన్నవాడు. సుల్తానుతో రాజీ కోరుకుంటే సుల్తాను సలాబత్ ఖాన్ అనే బిరుదు ఇచ్చి, ముందు శివాజీ సంగతి చూడమని పంపాడు. కర్నూలు నుంచి పన్హాళా నేరుగా గీత గీస్తేనే 400 కిలోమీటర్లకు పైనే. ఆ దూరం అతడితో పాటు ఎంతమంది నడిచారో ఊహించండి. కర్నూలు పాలకుడి వెంట వెళ్లిన దండులో కర్నూలు సీమ రైతుబిడ్డలు, ఈటెలు పట్టిన బోయలు, గుర్రాలకు గడ్డి కోసేవాళ్లు, వంట చేసేవాళ్లు ఉండకుండా ఎలా ఉంటారు? రాయలసీమ ఎండలకు అలవాటు పడిన మనుషులు నాలుగు నెలలు, అందులో ఆషాఢపు వానల్లో, పరాయి కొండ కింద గుడారాల్లో తడిసి ఉంటారు. కోటలోపల ఆకలి ఉంటే, బయట చలిజ్వరాలు ఉండి ఉంటాయి.

కనుమ దాకా తరిమిన సిద్ది మసూద్ సంగతీ అంతే. తర్వాతి రోజుల్లో అతడు బీజాపూర్ రాజ్యానికే దివాను అయ్యాడు, చివరికి ఆదోని చేరాడు. ఆదోని జామియా మసీదు కట్టించింది అతడే. 1688లో మొగలులు ఆదోనిని పట్టుకునేదాకా ఆ కోట అతని చేతిలోనే ఉంది. ఆ మసీదు పక్క వీధుల్లో తిరిగే ఆదోని పిల్లలకు, దాన్ని కట్టించినవాడు ఒక ఆషాఢ మాసాన పావన్‌ఖిండ్ బురదలో గుర్రాన్ని అదిలించాడని ఎవరైనా చెప్పారా? హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ గుమ్మటం బీజాపూర్ ఏలుబడి కర్నూలు దాకా వచ్చిందని గుర్తు చేస్తూ నిలబడే ఉంది. దాని ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లకు కూడా పన్హాళా పేరు పరాయిదే. నీళ్లకు మాత్రం ఈ పరాయితనం లేదు. పావన్‌ఖిండ్ ప్రాంతంలో పుట్టే కాసారీ నది పంచగంగలో కలుస్తుంది. పంచగంగ నర్సోబావాడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణే శ్రీశైలానికి వస్తుంది.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. యుద్ధం జరిగిన దారిలో నడవడం మనుషుల మధ్య కొత్త పగలు రేపడానికి వాడుకోవచ్చు, పాత పగల అసలు రూపం తెలుసుకోవడానికీ వాడుకోవచ్చు. పన్హాళా ముట్టడిని మతాల పోరుగా చెప్పేవాళ్లు ఉన్నారు. దారిలో ఎవరెవరు ఏ వైపు ఉన్నారో చూస్తే ఆ మాట నిలవదు. ముట్టడిని ఛేదించడానికి శివాజీ తరఫున నేతాజీ పాల్కర్‌తో కలిసి పోరాడినవాళ్లలో సిద్ది హిలాల్ ఉన్నాడు. అతడూ హబ్షీయే, ముసల్మానే. ఆ పోరులో అతని కొడుకు గాయపడి శత్రువులకు చిక్కాడు. అటు, విశాల్‌గడ్‌ను అడ్డగించి శివాజీని లోపలికి పోనివ్వకుండా నిలబడిన సూర్యరావు సుర్వే, జస్వంతరావు దళ్వీ ఇద్దరూ మరాఠా సర్దారులే. కనుమ దాటి వచ్చాక కూడా శివాజీ వాళ్లతో కత్తి దూసి పోరాడితే గానీ కోటలో అడుగు పెట్టలేకపోయాడు. సిద్ది జౌహర్‌నైనా అతని సుల్తాను ఎంతకాలం నమ్మాడు? శివాజీ దగ్గర లంచం తిని వదిలేశాడని అనుమానించి కొద్ది రోజుల్లోనే అతనిపై కత్తి కట్టాడు. జాగీర్లు, అలకలు, భయాలు, మాట నిలబెట్టుకోవాలనే పట్టుదలలు, ఇవన్నీ కలిసి నడిపిన యుద్ధం అది.

2024 జూలైలో విశాల్‌గడ్ మీద ఆక్రమణలు తొలగించాలనే ఆందోళన అదుపు తప్పింది. కొండ దిగువన గజాపూర్ గ్రామంలో ముస్లింల ఇళ్ల మీద, మసీదు మీద దాడి జరిగింది. గజాపూర్ కనుమ అన్నది పావన్‌ఖిండ్‌కు ఉన్న మరో పేరు. బాజీప్రభు త్యాగాన్ని తలచుకుని కళ్లు చెమర్చుకునే ఊళ్ల మధ్యన, ఆయన్ని తలచుకునే నెలలోనే, ఏ పాపం తెలియని ఇళ్ల గిన్నెలు బిందెలు వీధిలో పడ్డాయి. ఆ వార్త చదివినప్పుడు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు. ఆ దారిన నడిపించేవాళ్ల బాధ్యత అప్పటి నుంచి రెండింతలు అయిందని మేము నమ్ముతాం. పావన్‌ఖిండ్ రాళ్ల దగ్గర నిలబడి కనుమకు ఇవతల పడినవాళ్లకు ఎలా చేతులు జోడిస్తారో, అవతల పడిన పేరు తెలియని సిపాయిలకూ అలాగే జోడించాలి. వాళ్లూ జీతానికో మాటకో కట్టుబడి అంత దూరం వచ్చినవాళ్లే. వాళ్ల కోసం కర్నూలు సీమలో ఎదురుచూసిన ఇళ్లు ఉండే ఉంటాయి.

నడిచేవాళ్లకు ఇది రెండు రోజుల సాహసం. దారి పొడవునా ఉన్న ఊళ్లకు అది బతుకు. ఆషాఢం అంటే అక్కడ వరినాట్లు. ఆడవాళ్లు నడుము వంచి నాట్లు వేస్తుంటే, పక్క గట్టు మీద నుంచి వందలమంది బూట్లతో వెళతారు. గట్టు తెగితే మడిలో నీళ్లు పోతాయి, సాయంత్రం దాన్ని మళ్లీ కట్టాల్సింది ఆ రైతే. ఆంబేవాడీ, కర్పేవాడీ లాంటి చిన్న ఊళ్లలో నడకవాళ్లు రాత్రి ఆగుతారు. ఇళ్ల వసారాల్లో, బడి గదుల్లో చాపలు పరుస్తారు. ఇంటావిడ కట్టెల పొయ్యి మీద భాకరీ రొట్టె కాల్చి, వేడి వేడి శనగపిండి పిఠలా వడ్డిస్తుంది. తడిసిన బట్టలు అదే పొయ్యి పక్కన ఆరతాయి. ఈ నాలుగు వారాల్లో వచ్చే డబ్బు ఆ ఇళ్లకు అక్కరకు వస్తుంది, అందులో సందేహం లేదు. అయితే బస్సులతో పాటు డబ్బాల భోజనం కూడా పట్నం నుంచే తెచ్చుకుని, ఊరి బావి నీళ్లు మాత్రం వాడుకుని, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు అడవిలో వదిలి వెళ్లే బృందాలూ ఉన్నాయి. అలాంటి బృందం ఆ ఊరికి మిగిల్చేది చెత్త ఒక్కటే.

చక్కగా నడిపించేవాళ్ల పద్ధతులు చూస్తే ముచ్చటేస్తుంది. ఒక విడతకు ఇంతమందే అని ముందే గీత గీస్తారు. వాగు పొంగితే ఎంత దూరం నుంచి వచ్చినవాళ్లనైనా ఆపేస్తారు, కోప్పడినా వినరు. పఠార్ మీద మబ్బు దిగితే వరుస విరగనివ్వరు. ఏ ఇంట ఎందరు పడుకోవాలి, ఎవరు వండాలి అన్నది ఊరి పెద్దలతో ముందే మాట్లాడుకుంటారు. గొర్రెల కాపరులైన ధన్‌గర్ల వాడల మీదుగా వెళ్లేటప్పుడు గొర్రెలు బెదరకుండా గోల తగ్గించమంటారు. దారి చూపడానికి ఊరి కుర్రాళ్లనే పెట్టుకుంటారు. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ రాయి జారుతుందో వాళ్ల కన్నా తెలిసినవాళ్లు ఎవరు?

2025 జూలైలో యునెస్కో మరాఠా సైనిక స్థలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తమిళనాడులోని జింజీతో కలిపి 12 కోటలు. పన్హాళా అందులో ఉంది. సంతోషించాల్సిన విషయమే. విశాల్‌గడ్ మాత్రం ఆ జాబితాలో లేదు. రెండు కోటల నడుమ ఉన్న దారికి ఎలాగూ చోటు లేదు. గోడలకు, బురుజులకు, ద్వారాలకు కాపలా పెట్టడం మనకు తెలుసు, కాలిబాటను కాపాడటం తెలియదు. మసాయి పఠార్ మీద ఒక తారురోడ్డు పడితే, వాగు మీద ఒక పెద్ద వంతెన వస్తే, ఎక్కడో ఒక రిసార్టు లేస్తే, కోట రాళ్లు చెక్కు చెదరకుండానే ఆ రాత్రి ప్రయాణం తాలూకు నేల మాయమవుతుంది. ఊళ్లవాళ్లకు రోడ్డు వద్దనే హక్కు ఎవరికీ లేదు, ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు వాళ్లు. పాత కాలిబాటను మాత్రం పటంలో గుర్తించి, దాని పక్కగా రోడ్డు వేయడం సాధ్యమే. ఇంగ్లండ్‌లో అలా చేసుకున్నారు. 1066లో నార్మన్ విలియం దండు దిగిన పెవెన్సీ నుంచి బ్యాటిల్ ఊరి మీదుగా రై దాకా సుమారు 50 కిలోమీటర్ల కాలిబాట గుర్తులతో సహా ఉంది. పొలాల మధ్య నుంచే పోతుంది. విలియంకూ హెరాల్డ్ రాజుకూ జరిగిన హేస్టింగ్స్ యుద్ధానికి 950 ఏళ్లు నిండిన 2016లో, హెరాల్డ్ సైన్యం ఉత్తరాన యార్క్ నుంచి ఆ పోరుకు ఉరుకులు పరుగుల మీద వచ్చిన దారిని కొందరు నాటి వేషాలు, నాటి కవచాలతో వారాల తరబడి నడిచి చూపారు. ఓడిపోయిన రాజు దారి అది.

పోరు జరిగిన చోటికి నడిచి వెళ్లే ఈ అలవాటు తెలుగు నేలకు కొత్తేమీ కాదు, పేరే వేరు. కాకతీయ సేనతో పోరాడి సమ్మక్క కొడుకు జంపన్న ఒరిగిన సంపెంగ వాగు జంపన్న వాగు అయింది. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతరకు వచ్చే జనం మునిగేది ఆ వాగులోనే. కొత్తగూడ మండలం పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును తీసుకుని పూజారులు అడవి దారిన కాలినడకనే మేడారం వస్తారు. పల్నాట కారంపూడిలో కార్తిక అమావాస్యకు ఐదు రోజులు వీరుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పేరు. దూరాల నుంచి వీరాచారవంతులు తమ పూర్వుల ఆయుధాలు మోసుకుని వచ్చి నాగులేటిలో శుభ్రం చేసి, వీరుల గుడి దగ్గర నిలుపుతారు. పల్నాటి యుద్ధం 12వ శతాబ్దంలో జరిగింది. ఇప్పటికీ ఉత్సవం రోజుల్లో, అన్ని కులాలూ కలిసి తిన్న చాపకూడు గురించి మాట్లాడుకుంటారు, వీర విద్యావంతులు రాత్రంతా కథ పాడతారు.

పల్నాటి వీరుల దారిని ఒక నడకగా మార్చవచ్చునని మాకు తోస్తుంది. నలగామరాజు గురజాల, మలిదేవుల మాచర్ల, పోరు జరిగిన కారంపూడి, మూడూ ఒకదానికొకటి కాలినడకకు అందే దూరంలోనే ఉన్నాయి. సేనలు నడిచిన బాట కన్నా ముందు, అలరాజు రాయబారిగా గురజాల వెళ్లిన కథను పట్టుకుంటే ఇంకా బాగుంటుంది. యుద్ధం ఆపడానికి జరిగిన ఆఖరి ప్రయత్నం అది. పన్హాళా దారిలో ఇలాంటి ఘట్టం లేదు, మన దగ్గర ఉంది. దారి చూపడానికి వీర విద్యావంతుల కన్నా తగినవాళ్లు దొరకరు. కథ వాళ్ల నోట ఉంది. ఏటా ఐదు రోజులు గౌరవించి మిగతా ఏడాది మరిచిపోయే బదులు, నెలకు రెండుసార్లయినా వాళ్ల వెంట 30 మంది నడిస్తే ఆ విద్య నేర్చుకోవడానికి పిల్లలు ముందుకు రావచ్చు. మలిదేవుల మంత్రి బ్రహ్మనాయుడి వైపు ఎంత చెబుతారో నలగాముడి మంత్రి నాగమ్మ వైపూ అంత చెప్పమని వాళ్లను కోరాలి. అనుకూలమైన కాలం ఉత్సవం ముగిసిన తర్వాతి వారాలు. వానలు వెనకబట్టి, ఎండ ఇంకా ముదరక, నాపరాతి నేల మీద నడక తేలిగ్గా ఉంటుంది. ఊళ్ల పంచాయతీలను, గుడి పెద్దలను, మిరప చేల రైతులను ముందు కూర్చోబెట్టి ఏ గట్టు మీదుగా పోవచ్చో, ఏ గట్టు మీదుగా పోకూడదో అడిగి, ఆ తర్వాతే తొలి నడక తేదీ ప్రకటించాలి.